తోకలో నోరున్న చేప

మా ఆయన బతికున్నన్నాళ్లూ నా పొయ్యి భిలాయి ఉక్కు ప్లాంటు షిఫ్టును బట్టే వెలిగింది. ఫస్టు షిఫ్టుకు ఒక వేళ, సెకండుకు ఒక వేళ, నైటుకు ఒక డబ్బా. ఆయన పోయాక ఇక నాకు షిఫ్టులు లేవనుకున్నాను. సెక్టర్ 6 క్వార్టర్లో నేను, నా కూతురు, అరిగిపోయిన నా మోకాళ్లు. చదువు నాకు సంతకం వరకే. నేను చెబుతుంటే పక్క క్వార్టరు టీచరమ్మ రాస్తోంది.

నా కూతురు సముద్రం గురించి చదివింది. ఉద్యోగం కూడా దాని మీదే. నా మోకాళ్లను చూసి, ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసులో అడిగి వచ్చేసింది. పనంటే ఒక పసుపు రంగు యంత్రాన్ని నడపడం. మనిషంత పొడుగు, రెండు చిన్న రెక్కలు, ఒక తోక. ఇంజను లేదు. కడుపులో నూనె సంచి ఉంటుందట. అది ఉబ్బితే తేలుతుంది, ముడుచుకుంటే మునుగుతుంది. అలా మునుగుతూ తేలుతూ, రెక్కల మీద ముందుకు జారుతూ నెలల తరబడి బంగాళాఖాతంలో తిరుగుతుంది. నీళ్ల వేడీ ఉప్పూ కొలుస్తుంది. కొన్ని గంటలకోసారి పైకొచ్చి, తోక ఎత్తి ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ఎటు పోవాలో అప్పుడే చెప్పాలి. మునిగిందంటే ఇక ఎవరి మాటా వినదు.

అది పైకొచ్చే వేళకు మా పిల్ల కంప్యూటరు ముందుండాలి. పిల్ల తినే వేళకు నేను పొయ్యి దగ్గరుండాలి. మొగుడి షిఫ్టు అయిపోయింది, యంత్రం షిఫ్టు మొదలైంది.

పోయిన మాఘంలో ఒక ఉదయం అది పైకి రాలేదు. ఇంతలో ఆఫీసు నుంచి ఫోన్. యంత్రం శ్రీకాకుళం వైపు ఒక ఊళ్లో జాలరి వలలో పడిందట. దాని వీపు మీద రాసిన నంబరుకు వాళ్లే ఫోన్ చేశారట. ఒడ్డుకు అంత దగ్గరగా ఎందుకు రానిచ్చావని పిల్లను చీవాట్లు పెట్టారు. నువ్వు తెలుగుదానివే కదా, మాట్లాడి పెట్టు, మేం పోలీసులతో వెళ్లి తెచ్చుకుంటామన్నారు.

"అమ్మా, ఇది పోతే నాకు ఇంకోటి ఇవ్వరు" అంది. "చివరి రోజుల లెక్క అంతా దాని లోపలే ఉంది. ఇంకా పంపలేదు."

ఆ ఊరి నంబరుకు చేసి స్పీకర్లో పెట్టింది. "హలో, వో పీలా వాలా మషీన్, మీ దగ్గర ఉంది కదా?"

అటు నుంచి ఆడగొంతు. "ఏటమ్మా, ఏటంతన్నావు? హిందీ మాకు రాదు."

పిల్ల ఫోన్ నా చేతిలో పెట్టేసింది. తెలుగు ఇంట్లో వింటుంది గాని, బయటివాళ్లతో తడబడకుండా మాట్లాడడం రాదు.

"నాను, అమ్మా, ఇప్పుడు మాటాడిన గుంట తల్లిని. భిలాయి నుంచి."

"నీ గొంతేటి అలగుంది? జొరమేటి?"

"ఎప్పుడూ ఇంతే. నాదీ ఆ ఒడ్డు ఊరే." మా పుట్టింటి ఊరు చెప్పాను.

"అయితే మన మనిసివే. అది మా ఇంటాయన వల్లో పడ్డాది. బాంబనుకుని అందరూ పరుగెట్టీసినారు. నానే పసుపు రాసి, కొత్త రైక గుడ్డ సుట్టి, వలల పాకలో కూకోబెట్టినాను. గంగమ్మ పంపినాదేమో, తన్నీలేం గదా."

"ఆఫీసోళ్లు ఇయాలే వచ్చి అట్టుకెల్తారంట."

"ఎలగమ్మా? నిన్న సాయంకాలం అమ్మోరి పండగ సాటింపేసినారు. పండగయ్యేదాకా సూదైనా పొలిమేర దాటదు. నీకు తెల్దేటి?"

తెలియకేం. నా చిన్నప్పుడు ఒకసారి డప్పు చాటింపు అయ్యాక వల నిండా చేప దిగింది. ఒక్క గంప కూడా ఊరు దాటలేదు. అంతా ఒడ్డునే ఎండబెట్టుకుని ఆ ఏడు ఎండుచేపలే తిన్నాం.

పిల్లకు చెబితే మండిపడింది. "యే క్యా బాత్ హై అమ్మా? సర్కారీ చీజ్ హై, సర్కారు సొత్తు. పోలీసులు వస్తారు."

"పోలీసులొత్తే దాన్ని ఎవులో సముద్రంలో తోసీగలరు. ఆ ఊళ్లో ఉంటే నానే తోసీగల్ను."

"నువ్వు ఎవరి సైడు?"

"నాకు సైడెక్కడిదే? నా మోకాళ్లే నా సైడు లేవు."

నేను మంచం మీద కూలబడి అడిగాను, నీకు ముందు కావలసింది యంత్రమా, దాని లోపలి లెక్కా అని. లెక్క, అంది. మరి అది ఎలా వస్తుంది? ఆకాశం కనబడితే తనే పంపుతుంది, యాంటెనా తోకలో ఉంది, తోక పైకుండాలి, అంది.

ఇంతలో ఆ జాలరి భార్య ఫోటో పంపింది. రేకుల పాకలో, రైక గుడ్డ కట్టుకుని, ముక్కు మీద రూపాయంత బొట్టుతో యంత్రం అమ్మవారిలా నిలబడి ఉంది. ముక్కు పైకి, తోక ఇసుకలోకి. పిల్ల తల పట్టుకుంది. ఇసుకలోంచి పిలిచి పిలిచి బ్యాటరీ అయిపోతుందంది.

భక్తితో కూర్చోబెట్టిన మనిషికి తలకిందులుగా పెట్టావని ఎలా చెప్పడం? మళ్లీ ఫోన్ చేసి, మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని మొదలెట్టాను.

"ఒక మాట అప్పా, కోపం తెచ్చుకోకు. దానికి నోరు తోకలో ఉందంట. నువ్వు నోరు ఇసకలో కప్పెట్టీసినావు."

"తోకలో నోరేటి, సోద్యం?"

"అలగే సేసినారు. మా గుంటకి నోరు తలలోనే ఉంది, గాని నా మాట ఇంతాదేటి?"

ఆమె పకపకా నవ్వింది. "మరేటి సెయ్యమంతావు?"

"పాక బైట ఎండలో పెట్టు, తోక ఆకాశంకేసి. పొలిమేర దాటించొద్దు."

ఆమె నెమ్మదిగా అడిగింది. "అది మాటాడితే మరి ఆ మాట పొలిమేర దాటదేటి?"

నేను ఆలోచించి చెప్పాను. "సాటింపేసినాకే గదా, నువ్వూ నానూ మాటాడతన్నాం."

"అదీ నిజవేలే" అంది.

పిల్ల ఆఫీసుకు ఫోన్ చేసి, సాయంత్రం దాకా ఎవరినీ పంపొద్దని బతిమాలింది. అన్నం వడ్డించాను, ముట్టలేదు. నేను గోడకు ఆనుకుని కునికిపాట్లు పడుతుంటే "ఆ గయా అమ్మా, వచ్చేసింది" అంది. తెరమీద ఒక వరస అంకెలు. ఆగి, ఇంకో వరస. జ్వరం మనిషికి చెంచాతో గంజి పట్టినట్టు మధ్యాహ్నమంతా కొంచెం కొంచెంగా వచ్చింది. పొద్దు వాలేసరికి పిల్లకు కావలసింది వచ్చేసింది. ఇక తొందరేమిటని ఆఫీసువాళ్లూ పోలీసుల మాట ఎత్తలేదు.

పండగ అయ్యాక ఆమే కబురు పెట్టింది. ఆఫీసువాళ్లు వెళ్లి కొబ్బరికాయ కొట్టి తెచ్చుకున్నారు. ఆ రైక గుడ్డ మాత్రం భిలాయి తల్లికి ఇమ్మని వాళ్ల చేతిలో పెట్టిందట. నాకు మొగుడు లేడని ఆమెకు తెలియదు. అడగలేదు, నేనూ చెప్పలేదు. మా ఆయన పోయాక నాకు రైక గుడ్డ పెట్టినవాళ్లు లేరు. మడత విప్పకుండా ట్రంకు పెట్టెలో దాచాను. పసుపు వాసన ఇంకా ఉంది.

అది మరమ్మతుకు పోయింది, పిల్లకు ఇంకో యంత్రం ఇచ్చారు. మంచిదే. అంటే నాకు మళ్లీ షిఫ్టు. మాఘంలో దాన్ని ఒడ్డుకేసి తేకు అని చెప్పాను. "హా అమ్మా, హా" అంది, తెరమీంచి కళ్లు తీయకుండా. అది పైకొచ్చే వేళైందట. నేను లేచి బియ్యం కడగాలి.