వంకాయల సంచి

రాజాం నుంచి విజయనగరం వెళ్లే బస్సులో నా ఒళ్లో టాంజానియా వెళ్లేవారికి సూచనలున్న కాగితాలు, కాళ్ల దగ్గర అక్క ఇచ్చిన జంతికల డబ్బాలతో రెండు ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. పక్క సీటు పెద్దాయన లుంగీలో ఉన్నాడు కాబట్టి ఆయనకేమీ తెలియదని తీర్మానించుకున్నాను. వీసా, ఎల్లో ఫీవర్ టీకా, దోమతెర గురించి చీపురుపల్లి దాకా బోధించాను. "ఆఫ్రికా అంటే పలాస అవతలే అనుకున్నావేమో మావా" అని ఛలోక్తి కూడా విసిరాను. పాపం, నవ్వాడు.

దిగేముందు ఆయన తన గుడ్డసంచిలోని వంకాయలు తువ్వాలులో మూటగట్టుకుని, ఖాళీ సంచి నా ఒళ్లో పెట్టాడు.

"ప్లాస్టిక్ కవర్లు అక్కడ ఎయిర్‌పోర్టులోనే లాగేసుకుంటారు బాబూ. డబ్బాలు ఇందులో ఎట్టుకో."

"నీకెలా తెలుసు?"

"టాంజానియాలో ఎనిమిదేళ్లు వెల్డింగు సేసినాను."

"మరి ముందే చెప్పొచ్చు కదా!"

"నువ్వు అంత సంబరంగా సెప్తన్నావు. మద్దిలో ఆపితే ఏటి బాగుంటాది?"

టాంజానియాలో దిగాక, నా ముందున్న తెలుగాయన కవర్లన్నీ అధికారులు తీసేసుకున్నారు. ఆయన నా గుడ్డసంచి చూసి, "మీకెలా తెలుసండీ?" అని ఎంతో గౌరవంగా అడిగాడు.

"చదివాను" అన్నాను.