టార్చి పట్టిన చెయ్యి

మంచిర్యాలలో ఎబినేజర్ తన పెరట్లో రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారును బాగుచేస్తుంటాడు. రోజూ ప్రార్థన కాగానే చాప పరిచి దాని కిందికి దూరతాడు. అరిగిన రబ్బరు బుష్షులు పీకుతాడు, స్ప్రింగుల తుప్పు గీకుతాడు. కారు కింద పగలూ చీకటే. ఇదివరకు భార్య సంతోషమ్మ టార్చి పట్టేది. "జర సక్కగ పట్టరాదా, చెయ్యి గట్ల వణుకుతదేంది?" అని కసిరేవాడు. ఆ వణుకు జబ్బని తెలిసేసరికే ఆమె మంచం పట్టింది, మళ్లీ లేవలేదు. అప్పటినుంచి టార్చిని పళ్ల మధ్య పట్టుకుంటున్నాడు. నిన్న పక్కింటి సత్తార్ చూసి, "ఉన్న నాలుగు పళ్లు సుత ఊడుతయే అన్నా, ఇటియ్యి," అని లాక్కున్నాడు. స్ప్రింగు బిగిస్తుంటే సత్తార్ చెయ్యి నిలవక వెలుగు అటూ ఇటూ ఊగింది. "కనవడ్తాందా అన్నా?" ఎబినేజర్ నోటిదాకా వచ్చిన పాత మాటను దిగమింగుకున్నాడు. "మంచిగనే కనవడ్తాంది భాయ్," అన్నాడు, నట్టు కోసం చీకట్లో వేళ్లతో తడుముతూ.