పేరమ్మ వదలని పెట్టెలు

మా చెల్లెలు హెప్సిబా పోయి ఏడు నెలలైంది. ఆమె ఏం చేసేదని ఎవరైనా అడిగితే గద్వాల పాత బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటర్ నడిపేదని చెబుతాను. ఆ మాట నిజమే గాని ఆమెను గురించి ఏమీ చెప్పదు. ఆమె ఒక శనివారం పడిన భయం చెబితే కొంత తెలుస్తుంది.

అమ్మా నాయనా కాలువ పనులకు వలసపోయే గుంపులో ఉండేవాళ్లు. కర్ణాటకలో ఒక కాలువ గట్టు మీది గుడిసెలో హెప్సిబా పుట్టింది. తొమ్మిదో ఏట బడి ముఖం చూసింది. వనపర్తిలో డిగ్రీ చదివి, హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో రెండేళ్లు వెబ్ పేజీలు రాసింది. గుండె జబ్బు బయటపడ్డాక ఇంటికొచ్చి సెంటర్ పెట్టుకుంది.

ఆ ఏడాది సర్కారు ఇచ్చే ఇళ్ల దరఖాస్తుల్లో పేరు తెలుగులో కూడా నింపాలన్నారు. మా చుట్టుపక్కల ఆపరేటర్లలో చాలామందికి తెలుగు కొట్టడం రాదు. ఎవరో రాసి పంపితే అతికిద్దామన్నా ఆ పేజీ అతికించనివ్వదు. అందుకని హెప్సిబా బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న పనిముట్టు ఒకటి రాసింది. ఇంగ్లీషులో పేరు కొడితే నర్సింహులు, నరసింహులు, నర్సిములు అంటూ తెలుగులో ఉండగల రూపాలన్నీ చూపిస్తుంది. ఆధార్ కార్డులో ఉన్నదాన్ని నొక్కితే దరఖాస్తులో పేరు నింపే పెట్టెలో పడుతుంది. నేను బడిలో తెలుగు చెబుతాను కాబట్టి పేర్ల జాబితా నాతో రాయించింది. పనిముట్టుకు పేరమ్మ అని పేరు పెట్టింది. ఇటిక్యాల, ధరూర్, శ్రీరంగాపూర్ వైపు ఇరవై మూడు సెంటర్లు పేరమ్మను పెట్టుకున్నాయి.

గడువు శనివారం సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. రెండో శనివారం కావడంతో నాకు బడి లేదు, సాయంగా కూర్చున్నాను. పది గంటలకు ఇటిక్యాల నుంచి మహిపాల్ ఫోన్ చేశాడు. అక్కడి సెంటర్ అతనిదే.

"అక్కా, మల్ల ఆగిపాయె. జోగులమ్మది రెండోసారి. సగం నింపంగనే బ్రౌజర్ ఉబ్బి కూసుంటుంది, మౌసు గూడ కదలది."

"నీ కంప్యూటర్ ముసల్ది కద తమ్మి."

"ముసల్దే, కని నిన్నటిదాంక మంచిగనే ఉరికింది."

జోగులమ్మ ఇల్లు పోయిన వానల్లో కూలింది. అన్న ఇంటి వెనక రేకుల కింద ఉంటోంది. దరఖాస్తు అంతా నింపాక ఓటీపీ ఆమె కొడుకు ఫోన్‌కు వస్తుంది. కొడుకు పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. పనిచేసేటప్పుడు ఫోన్ సంచిలో పెట్టేయాలి. ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా అన్నం తినే వేళలోనే తీస్తాడు. ఆ అరగంట దాటితే రాత్రికే మళ్లీ తీసేది, అప్పటికి గడువు పోతుంది. చివరి రోజు రద్దీకి సర్వర్ ఈడుస్తోంది. ఒక్క దరఖాస్తు నింపడానికి నలభై నిమిషాలు పడుతోంది. అంటే పన్నెండున్నరకల్లా ఈ ఉబ్బు ఎందుకో తేలాలి.

"ఆ పేజీ రాసినోళ్లదే తప్పయ్యుంటది," అంది హెప్సిబా. ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేనట్టుంది. మా కంప్యూటర్లో అదే దరఖాస్తు తెరిచి, బ్రౌజర్ ఎంత మెమరీ తింటోందో చూపే అంకె పక్కన పెట్టుకుంది. ఆరు వందల ఎంబీల దగ్గర మొదలైంది. ఏమీ ముట్టుకోలేదు. పావుగంటలో పదమూడు వందలు దాటింది. పేరమ్మను ఆపేసి మళ్లీ తెరిచింది. అంకె ఆరు వందల దగ్గరే నిలబడింది.

హెప్సిబా ఫోన్ తీసింది. ఆపరేటర్ల వాట్సాప్ గ్రూపులో రాసింది: "సర్వర్ తప్పు కాదు. నా పేరమ్మ తప్పు. సరిచేస్తున్నాను."

"సరయ్యినంక రాస్తే గాదా?" అన్నాను.

"అప్పటిదాంక వాళ్లు సర్వర్‌ను తిడుతూ కూసుంటరు. ఎదురుచూసేటోళ్లకు ఏం చెప్పాల్నో తెల్వది."

ఫోన్ ఆగకుండా మోగసాగింది. నీ పేరమ్మ మా కంప్యూటర్‌ను మింగిందని ఒకరు, ఆమెకు పెండ్లి చేసి అత్తగారింటికి తోలు అక్కా అని ఇంకొకరు. హెప్సిబా నవ్వలేదు. ఎడమచేత్తో ఛాతీ రాసుకుంటూ తెర చూస్తోంది. మందు వేసుకున్నావా అని అడిగితే వేలితో ఆగమని సైగ చేసింది.

ముందు నా పేర్ల జాబితా మీద అనుమానపడింది. పదకొండు వేల పేర్లు. సగం తీసేయమంది. ఏ పేరు తీసేయను? ఏది తీసినా ఆ పేరుగల మనిషి ఎక్కడో వరసలో నిలబడి ఉంటాడనిపించింది. అయినా తీశాను. బ్రౌజర్ కొంచెం తేలికై మొదలైంది గాని అంకె పెరగడం ఆగలేదు. ఎంత బరువుతో మొదలైందన్నది కాదు, నిమిషం నిమిషానికీ ఏది చేరుతోందన్నదే పట్టుకోవాలి. పదకొండున్నర అయింది. తీసిన పేర్లన్నీ మళ్లీ పెట్టించింది.

అప్పుడు మెమరీలో ఏమేం ఉన్నాయో ఒక జాబితా తీసి, ఐదు నిమిషాలాగి ఇంకొకటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టింది. తెర మీద దరఖాస్తులో పేర్లు నింపే పెట్టెలు ముప్పై ఒకటి. మెమరీలో నాలుగు వేలకు పైన ఉన్నాయి. ఆ పేజీలో మిగిలిన సమయం చూపే గడియారం ఒకటుంది. అది మారినప్పుడల్లా పేజీ పాత పెట్టెలన్నీ పీకేసి అదే రాతతో కొత్తవి వేస్తోంది. పీకేసినవి పోవాలి. పోవడం లేదు. మామూలు రోజుల్లో పది నిమిషాల్లో పని అయిపోయేది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"పేజీ ఇడిసిపెడుతుంది, ఇంకెవరో పట్టుకున్నరు," అంది. "ఎక్కడ పట్టుకున్నరో దొరుకుతలేదన్నా."

పన్నెండుకు అమ్మ సద్ది గిన్నె పట్టుకొని వచ్చింది. కూతురి ముఖం చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఏందే, గట్లున్నవ్? దవాఖానకు పోదామా?"

"లేదమ్మా. పోయినోళ్లు పోతలేరు, గదే పరేషాన్."

అమ్మకు ఏం అర్థమైందో గాని స్టూలు మీద కూర్చుంటూ అంది: "మా గుంపుల గూడ గట్లనే అయితుండె. మనిషి పని ఇడిసి ఊరికి పోయినా మేస్త్రి చీటీల పేరు కొట్టెయ్యకపోతుండె. అందరికి వండేది నేనే, చీటీ జూసి నాకు బియ్యం ఇస్తుండ్రి. నేను పోయినోళ్లకు గూడ బువ్వ వండుదును. రోజూ గంజుల నిండ బువ్వ మిగులుతుండె. ఎవల్ని తిట్టాలె? పోయినోళ్లనా? చీటీ రాసినోన్నే తిట్టాలె."

హెప్సిబా అమ్మ వైపు తిరగనే లేదు. పేరమ్మ కోసం తాను రాసిన కోడును తెరిచి పైనుంచి కిందికి వేలు పెట్టి చదివింది. ఒకచోట వేలు ఆగింది. ఏ పెట్టె కనబడినా దాన్ని గుర్తుపెట్టుకోవడానికి పేరమ్మ తన చీటీలో రాసుకుంటోంది. పేజీ పెట్టెను పీకేసినా చీటీలో కొట్టేయడం లేదు. చీటీలో ఉన్నదాన్ని బ్రౌజర్ పారేయలేదు.

"చీటీ రాసింది నేనే," అంది మెల్లగా.

పీకేసిన పెట్టెను చీటీలోంచి కొట్టేయమని నాలుగు వరసలు రాసింది. అప్పటికి పన్నెండూ ఇరవై ఐదు. మళ్లీ తెరిచి చూసింది. ఆరు వందలు, ఆరు వందల ముప్పై, ఆరు వందల పది. ఇంకాసేపు చూడాలని ఉంది, కానీ పన్నెండున్నర అవుతోంది. సరిగా పరీక్షించకుండా పంపడం ఆమె ఎన్నడూ చేయలేదు. పంపింది. సెంటర్లన్నిటికీ చేరగానే మహిపాల్‌కు ఫోన్ కలిపింది.

అతన్ని ఫోన్ పెట్టేయనివ్వలేదు. అతను నింపుతుంటే ఇటు నుంచి అడుగుతూనే ఉంది.

"అంకె ఎంత?"

"ఏడు వందలు అక్కా."

"ఇప్పుడు?"

"గంతే. జర ఊపిరి తీస్కోనియ్యి."

ఒకటీ పన్నెండుకు నింపడం అయింది. పేజీ ఓటీపీ అడిగింది. మహిపాల్ ఇంకో ఫోన్‌లోంచి జోగులమ్మ కొడుక్కు కలిపాడు, మోగుతోంది గాని ఎత్తడం లేదు. రెండోసారీ ఎత్తలేదు. పేజీ తెరిచే ఉంది, గడియారం తిరుగుతూనే ఉంది. హెప్సిబా అంకె అడగడం మానేసింది. ఒకటీ ఇరవై ఆరుకు ఎత్తాడు.

"జల్ది చెప్పు, మేస్త్రి పిలుస్తుండు," అంటున్న గొంతు మహిపాల్ ఫోన్లోంచి మాకు వినబడింది. ఆరంకెలు చదివాడు. ఒక అంకె మహిపాల్ తప్పు విన్నాడు. మళ్లీ చదివించుకొని కొట్టాడు. పేజీ తెల్లబడిందన్నాడు. 

"పడింది అక్కా! నంబరొచ్చింది!"

వెనక జోగులమ్మ గొంతు: "నా పేరేనా సారూ గది? జర సదువు."

"చదివి ఇనిపియ్యి తమ్మి," అంది హెప్సిబా. అతను చదివాడు.

అమ్మ గిన్నె మూత తీసింది. హెప్సిబా తినలేదు. గ్రూపులో అడిగింది: "పొద్దున నా వల్ల తిరిగిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" లేరు, లేరు అని ఒక్కొక్కరే రాశారు. ధరూర్ నుంచి మాత్రం ఒక పేరు వచ్చింది. ఈరన్న. రెండుసార్లు ఆగిపోయాక విసిగి వెళ్లిపోయాడు. ఆయన ఫోన్ కలవలేదు. మూడింటికి కలవలేదు, నాలుగున్నరకూ కలవలేదు. ఐదింటికి పేజీ మూతపడింది.

మర్నాడు ఆమె ప్రార్థనకు పోలేదు. ఇద్దరం ధరూర్ ఆటో ఎక్కాం. ఈరన్న చేన్లో పత్తి ఏరుతున్నాడు.

"పెద్దనాయినా, నిన్న మీ దరఖాస్తు నా వల్ల ఆగింది," అంది హెప్సిబా.

"నువ్వెవరు బిడ్డా? గది మిషినీ గదా ఆగింది."

"ఆ మిషినీల తప్పు రాసింది నేనే."

ఆయన నడుముకు కట్టుకున్న ఒడిలోని పత్తి విప్పి కుప్పలో పోసి వచ్చాడు. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. వచ్చి ఉంటే ఆమెకు తేలికయ్యేదేమో.

"దరఖాస్తుకు మల్ల గడువిస్తరా?"

"తెల్వదు. ఇస్తే ముందు మీదే పెడత."

తిరుగు ఆటోలో ఆమె ఈరన్న పేరు ఫోన్‌లో రాసి పెట్టుకుంది.

మొన్న దరఖాస్తులు మళ్లీ తెరిచారు. మొదటి రోజు పొద్దున్నే నేను ధరూర్ పోయి, ఈరన్నను వెంటబెట్టుకొని అక్కడి సెంటర్‌కు తీసుకెళ్లాను. కుర్చీలో కూర్చుంటూ ఆయన నా వెనక చూశాడు.

"ఆ పిల్ల రాలే?"

"ముందు దరఖాస్తు పెడదాం పెద్దనాయినా," అన్నాను. ఆయన ఆధార్ కార్డు తీసుకొని ఆపరేటర్ చేతికిచ్చాను.