నర్సక్క తెంపిన పోగు

పక్కింటి పసిబిడ్డ రాత్రి ఎనిమిదైతే చాలు, గుక్కపట్టి ఏడుస్తుంది. గోడ అవతలి ఏడుపే అయినా నా చేతిలో పని ఆగిపోతుంది. బిడ్డను ఏడిపిస్తున్నారని ఎవరినీ తిట్టను. ఆ అర్హత నాకు లేదు. ఎందుకో చెప్పాలంటే నర్సక్క గురించి చెప్పాలి.

సూరత్‌లో మొదట మేమున్నది లింబాయత్‌లో, వరుస గదుల చాలీలో. నర్సక్కది పక్క గది. మాలాగే కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన మనిషి. చదువు లేదు, నవ్వు తక్కువ, నోరు పెద్దది. నా పెనిమిటి పవర్‌లూమ్ నడిపేవాడు, నేను గదిలోనే కండెలు చుట్టేదాన్ని. పాలియెస్టర్ పోగులు చీరకు, జుట్టుకు, చాపకు అంటుకునే ఉండేవి. అన్నంలో వచ్చినా తీసి పక్కన పెట్టి తినేవాళ్లం.

నా పెద్దబిడ్డకు అప్పుడు మూడు నెలలు. ఒకనాడు పడుకోబెట్టే వేళకు ఏడుపు అందుకుంది. పాలిచ్చినా, ఊపినా ఆగలేదు. తెల్లారితే పనికి పోవాల్సిన నా పెనిమిటి చెవులు మూసుకుని గోడవైపు తిరిగాడు. చాలీలో కొందరు పిల్లలకు నిద్రగోలీ అరగదీసి పట్టేవాళ్లు. నేనూ పట్టాను. బిడ్డ పడుకుంది. నాకు హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు. మరునాడు పగలంతా మత్తుగానే ఉంటే మంచిపిల్ల అనుకుని కండెలు చుట్టుకున్నాను. స్నానం కూడా పోయలేదు.

పొద్దుగూకాక మళ్లీ మొదలైంది. గోలీ అరగదీస్తుంటే నర్సక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు. ఎందుకేడుస్తుందో సూసినవా?"

చూశానన్నాను.

"మొఖం సూసినవ్. బట్టలిప్పు."

బిడ్డను లైటు కిందికి తీసుకుని తల నుంచి తడుముతూ వచ్చింది. కాళ్లకు చుట్టిన నా పాత చీర గుడ్డ విప్పితే, ఎడమకాలి నడిమి వేలు వంకాయ రంగు తిరిగి ఉబ్బి ఉంది. వేలి మొదలు దగ్గర పోగు చుట్టుకుని చర్మంలోకి దిగిపోయింది. నేను చుట్టే పోగే. నర్సక్క సూదితో లేపి, కత్తెరతో తెంపింది. అప్పుడడిగింది.

"నిన్న ఏడ్వలేదా?"

"గోలీ ఏసిన అక్కా."

తిట్టలేదు. తిడితే బాగుండేది. దవాఖానకు తీసుకుపోతే, ఇంకొక రోజైతే వేలు పోయేదన్నారు. ఎప్పుడు చుట్టుకుందని నా పెనిమిటి నిలదీశాడు. నేను నోరు తెరిచేలోపే "ఇయ్యాల్నే" అంది నర్సక్క. ఇంటికొచ్చి మిగిలిన గోలీలు మోరీలో పారేసింది. అప్పటినుంచి రోజూ ఆ వేళకు గుమ్మంలో నిలబడి, నేను చీర దులిపి బిడ్డ వేళ్లు చూసేదాకా కదిలేది కాదు.

"పదున్నయా?"

"ఉన్నయక్కా."

"అయితే పండవెట్టు."

నర్సక్క చనిపోయింది. గోలీ సంగతి ఎవరికీ చెప్పకుండానే పోయింది. నా బిడ్డ వేలికి గీత ఇంకా ఉంది. ఒకసారి అదే అడిగితే పుట్టుకతో వచ్చిందన్నాను.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని ఇది రాస్తున్నాను. నా బిడ్డ చదివింది గుజరాతీ బడిలో, దానికి తెలుగు చదవరాదు. రాశాను కదా, అయిపోయిందని ఊరుకోవడానికి లేదు. ఆదివారం బిడ్డ వస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టి నేనే చదివి వినిపించాలి.