అక్క తాగిన నీళ్లు

నేను చింతామణిలో టీచరుగా రిటైరైన ఏడాదే షుగర్ బయటపడింది. రోజూ నడవమన్నారు డాక్టరు. అది అక్క దగ్గరే అలవాటు చేసుకుందామని పది రోజులకు బట్టలు సర్దుకుని పోయాను. అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. పాతపాళ్య పక్క పల్లెలో ఉంటుంది. సంగటి, చేను పని, మంచి గాలి. ముసలితనం ఆమె జోలికి రాదని మా ఇంట్లో అందరి నమ్మకం, నాదీ అదే.

మొదటి రోజు పొద్దున్నే చెనక్కాయల చేనికి బయలుదేరాం. సగం దారిలోనే నాకు ఆయాసం వచ్చింది. "అక్కా, నిలబడు!" అని కేకేశాను. ఆమె మెడ తిప్పలేదు. మనిషి మొత్తం నా వైపు తిరిగింది.

"మెడకేమైంది?"

"అది తిరగక శానా ఏండ్లాయ. ఊర్లో నా ఈడోళ్లకంతా ఇంతే. వయసైతే ఇంతే కదమ్మే."

ఆ వారమంతా ఆమెనే గమనించాను. కింద కూర్చుంటే గోడ పట్టుకోనిదే లేవలేదు. పొద్దున లేచాక వేళ్లు ముడవడానికి కాసేపు పడుతుంది. ఇన్నేళ్లూ వచ్చి, ఆమె పెట్టింది తిని, "నీకేమక్కా, గుండ్రాయిలా ఉన్నావు" అనేసి పోయేదాన్ని.

బలవంతంగా చిక్కబళ్లాపురం తీసుకుపోయాను. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఆ ఊళ్లో తాగే లోతు బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరిందన్నాడు. బిగుసుకున్నది మళ్లీ వదలదు, ఇకనైనా తాగే నీళ్లు మార్చమన్నాడు.

తిరుగు బస్సు పేరేసంద్ర దాటింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పాప కూడా ఆ నీళ్లే తాగుతాండాది కదే?"

పాప అంటే ఆమె మనవరాలు, ఆరేళ్లది.

మర్నాడే మేస్త్రిని పిలిపించింది. మిద్దె మీద పడే వాన నీళ్లు పైపులో దిగి, గులకరాళ్లూ ఇసుకా దాటి, మూతున్న సిమెంటు తొట్టిలో చేరేలా కట్టించింది. మొదటి వానను బయటికి వదిలేసి రెండో వాన పట్టింది. "చప్పగా ఉండాయి" అని మొహం చిట్లించుకుంటూనే పాపకు గ్లాసు నింపింది.

ఏడాది దాటింది. అక్క మెడ అలాగే ఉంది. నేను నడుస్తున్నాను, షుగర్ అదుపులో ఉంది. ఒళ్లు వంచి పనిచేస్తే ముసలితనం సుఖంగా గడుస్తుందని బడిలో పిల్లలకు చెప్పేదాన్ని. ఇప్పుడైతే, మీ ఊళ్లో ఏ నీళ్లు తాగుతారని ముందు అడుగుతాను.

ఈ వానలకు ఆ వీధిలో ఇంకో రెండిళ్లవాళ్లు తొట్లు కట్టించుకున్నారు. అక్కే పోయి మేస్త్రి పక్కన నిలబడి, పైపు యాడ పెట్టల్లో చూపించిందంట.