హాలండ్ ఆంటీ మంచు పందెం డ్రెస్సు

నా చిన్నప్పుడు కువైట్ మిర్కాబ్ పేటలోని మా నాన్న దర్జీ కొట్టులో బేరానికి నన్ను మించినవాళ్ళు లేరని నేనే చెప్పుకునేదాన్ని. నేను తప్ప ఎవరూ చెప్పేవారు కాదు. పదేళ్ళకే మనిషి మొహం చూసి ఎక్కడ దిగొస్తాడో పసిగట్టేదాన్ని. కోనసీమ నుంచి వచ్చిన నాన్న నాకు మొదట నేర్పిన కిటుకు ఒకటే. బట్ట తిరిగిచ్చేటప్పుడు దానికి కత్తిలాంటి ఇస్త్రీ మడత ఉండాలి. ఆ మడత చూశాక తగ్గించమనడానికి ఎవరికీ నోరు రాదు.

కొట్టు పై అంతస్తులో ఒక హాలండ్ ఆంటీ ఉండేది. భర్త ఉద్యోగం ఆవిణ్ణి కువైట్ తెచ్చింది. ఒకప్పుడు కాళ్ళకి స్కీ పలకలు కట్టుకుని మంచుకొండల మీంచి జారే పందేల్లో తన దేశం తరఫున దిగిందని తెలిసి నాకు నవ్వొచ్చింది. వాళ్ళ దేశంలో చెప్పుకోదగ్గ కొండే లేదట.

"కొండ లేనివాళ్ళకి కొండ పందెమేంటి ఆంటీ?"

"ఎండలు మండే ఊళ్ళో మీ నాన్న ఉన్ని కోట్లు కుట్టడం లేదూ?" అందావిడ.

ఏటా చలికాలమంతా పరాయి కొండల మీద, ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాళ్ళ వెనకాల జారుతూ నేర్చుకుందట. అలా పదేళ్ళు పోటీల్లో దిగి, మోకాలు పోయాక మానేసింది. పతకం ఒక్కటీ రాలేదు. మిగిలింది ఒక డ్రెస్సు. మెడ నుంచి మడమ దాకా ఒకటే ముక్క, చేప చర్మంలా మెరిసేది. ఏదో బళ్ళో పిల్లలకి చూపించాలట, జిప్పు మార్చమని మా కొట్టుకి తెచ్చింది.

జిప్పు మార్చింది మా మాస్టరు. జగిత్యాల నుంచి వచ్చిన కుట్టుపనివాడు, నన్ను బిడ్డా అని పిలిచేవాడు. మధ్యాహ్నం ఆయనా నాన్నా భోజనాలకి వెళ్ళారు. చూస్తే డ్రెస్సు ముడతలు పడి ఉంది. మడత లేకుండా ఇస్తే కొట్టు పరువేం కావాలి? బాగా కాలిన ఇస్త్రీపెట్టె దాని మీద పెట్టాను. పెట్టె లేవలేదు. గట్టిగా లాగితే బట్ట బంకలా సాగి వచ్చింది. ఛాతీ దగ్గర అరచెయ్యంత కన్నం పడింది, నా వేలూ కాలింది. డ్రెస్సు మాస్టరు బల్ల మీద పెట్టి చప్పుడు చెయ్యకుండా ఇంటికి పోయాను.

సాయంత్రం నేను మళ్ళీ కొట్టుకి వచ్చేసరికి నాన్న మాస్టరు మీద విరుచుకుపడుతున్నాడు. "ఏ బట్టకి ఇస్త్రీ పెట్టాలో తెలీదా ఇన్నేళ్ళయ్యీ? కఫీల్‌తో చెబుతాను. ఇంకో చోటు చూసుకో!" కఫీల్ అంటే వీసా చేతిలో పట్టుకున్న అరబ్బు యజమాని. ఆయన ఊఁ అంటే మాస్టరుకి పనీ పోతుంది, పడుకునే గదీ పోతుంది.

మాస్టరు డ్రెస్సు వంక చూశాడు, నా వంక చూశాడు. "నేను వెట్టలే సేటూ" అని ఒక్కసారే అన్నాడు. నేను హోంవర్కు పుస్తకంలో తల దూర్చేశాను.

మర్నాడు ఆంటీ వచ్చింది. కన్నంలో వేళ్ళు పెట్టి చూసుకుంది. కోప్పడలేదు. ఆ డ్రెస్సులో దిగిన ఆఖరి పందెం గురించి చెప్పింది. దారి పొడుగునా జంట కర్రలు పాతి ఉంటాయట. ప్రతి జంట మధ్య నుంచీ దూరి రావాలి, ఒక్కటి తప్పినా పందెంలో లేనట్టే. పొగమంచులో ఆవిడ ఒకటి తప్పింది. ఆగి, ఆ పలకలతోనే అడ్డంగా అడుగులేస్తూ మళ్ళీ పైకెక్కింది. దూరాల్సిన చోట దూరి, దిగి, అందరికన్నా ఆఖర్న వచ్చింది. కింద కొందరు నవ్వారట.

నాలోని బేరగత్తె ఊరుకుంటుందా? "పొగమంచులో ఎవరు చూడొచ్చారు ఆంటీ? ఎక్కకపోతే ఏం?"

"ఎవరూ చూడలేదేమో. నేను దూరని కర్రలు మాత్రం అక్కడే ఉన్నాయి కదా" అంది.

కాలిన వేలు గుప్పిట్లో దాచుకున్నాను. అయినా ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఇంకో రోజు గడిచి, దూరాన సరిహద్దు దగ్గర వఫ్రాలో కూరగాయల తోట పని కుదిరి మాస్టరు పెట్టె సర్దుకుంటుంటే నాన్న దగ్గర నోరు తెరిచాను. అప్పుడూ బేరమే. ముందు ఇస్త్రీపెట్టెకి ప్లగ్గు పెట్టింది మాత్రం నేనన్నాను. తర్వాత ఆ ఇస్త్రీపెట్టె పక్కన పెడితే దానంతటదే డ్రెస్సు మీదకి జారిందన్నాను. నాన్న సూటిగా నా మొహంలోకి చూశాడు. ఆ చూపు ముందు బేరం నిలవలేదు. మిగతాది ఏడుస్తూ చెప్పాను.

నాన్న పరుగున వెళ్ళి మాస్టరు చేతులు పట్టుకున్నాడు. "తప్పు నాదయ్యా, ఉండిపో." తోటవాళ్ళ బండి అప్పటికే వీధిలో ఉంది. "మాట ఇచ్చిన సేటూ" అన్నాడు మాస్టరు.

"మీకు తెలుసా మాస్టరూ?" అన్నాను.

"కాలిన వేలు ఆ పొద్దే సూసిన బిడ్డా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే చెప్తవని సూసిన. చెప్పినవ్ గదా, సాలు." బండెక్కి వెళ్ళిపోయాడు. మిషను తొక్కిన మనిషి ఆ వేసవంతా టమాటా మొక్కలకి నీళ్ళు పెట్టాడని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ కొట్టు ఇప్పుడు చూసుకునేది నేనే. బేరాలు మానలేదు, మానను కూడా. కానీ ఏదైనా పాడైనప్పుడు పనివాళ్ళ మొహాలు చూసే ముందు నా చేతులు చూసుకుంటాను. తప్పు నాదైతే ఆ పూటే చెప్పేస్తాను. మంచితనం వల్ల కాదు, ఆలస్యం చేస్తే ఏమవుతుందో తెలుసు గనక. సాలు అన్నది ఆయన. అరవయ్యేళ్ళు దగ్గరపడ్డా, ఆ రోజు చెప్పింది నాకింకా చాల్లేదు.