బావమరిది గుంట మీద రాగి సూది

వలలో పడ్డ పీత నన్ను పేరు పెట్టి పిలిచిందని ఊరందరినీ నమ్మించిన వాణ్ణి నేను. ఆ అబద్ధం తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రాగి సూది సంగతి తలచుకుంటే మాత్రం నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

మా అక్క కూతురు పెద్ద నగరంలో పరిశోధన చేస్తోంది. నిమ్మకాయ ఊరగాయ ఇవ్వడానికి పోతే తన ప్రయోగం చూపించింది. రాగి పలక మీద ఒకే ఒక్క అణువు, తెర మీద మూడు రేకుల పువ్వులా ఉంది. దానికి తగలకుండా పైన ఒక సూది. సూదిలోంచి కాస్త కరెంటు వదలగానే పువ్వు ఒక్క మెట్టు తిరిగి, ఆగిపోయింది. ఏ రేకు మీద వదిలితే ఎటు తిరుగుతుందో కూడా ఆ పిల్ల చేతిలోనే ఉంది.

“గాలి అస్సలు ఉండకూడదు మామా. ఊహకందని చలి ఉండాలి. లేకుంటే దాని ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది” అంది.

తిరుగు రైల్లో ఆ చలిని మొదటి స్టేషన్‌లోనే దించేశాను. కథకు అడ్డం. గూడూరు వచ్చేసరికి ఒక్క అణువు కోట్లయింది. మా ఊరి టీ కొట్టు దగ్గర నోరు తెరిచేసరికి గాలిలోని అణువులు బొంగరాల్లా తిరుగుతూ నీళ్ళలోకి దిగిపోతున్నాయి.

“రాగి సూదేనా బావా?” అన్నాడు మా బావమరిది. వాడికి రొయ్యల గుంట ఉంది.

“రాగే. ఒక బ్యాటరీ చాలు. గాలి కోసం నీళ్ళు చిలికే ఆ చక్రాలు నీకెందుకురా, దండగ!”

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. అది మెచ్చుకోలనుకున్నాను.

ఇంకో పది రోజుల్లో రొయ్యలు పట్టాలనగా వాడి చక్రాల మోటారు కాలిపోయింది. గూడూరు తీసుకుపోయి వైండింగ్ చేయించాల్సినవాడు, బైకు బ్యాటరీకి రాగి తీగ తగిలించి, కొస అరగదీసి, నీళ్ళకు తాకకుండా వేలాడదీశాడు. అచ్చం నేను చెప్పినట్టే. తెల్లారేసరికి గుంటలో ఊపిరి అందక రొయ్యలన్నీ చచ్చాయి.

రెండో రోజుకు నేను పోయాను. గట్టు పొడవునా కుళ్ళిన రొయ్యలు, నీళ్ళ మీద నురగ, ఈగలు. కంపు నాలుక మీదికెక్కింది. తుమ్మ చెట్టు చాటున వాంతి చేసుకున్నాను.

వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

“మొన లావైనట్టుండాది బావా. ఆ పాపనడిగి చెప్పు, ఈసారి సన్నంగా తీస్తా” అన్నాడు.

ఆ నమ్మకం ముందు రొయ్యల కంపే నయమనిపించింది. చెప్పేశాను. గాలి లేని పెట్టె, చలి, అన్నీ.

“తిరిగేవి ఎన్నంటివి?”

“ఒక్కటే.”

“ఒక్కటా?”

“అది కూడా ఒక్క మెట్టు.”

వాడు, ఎందుకైనా మంచిదని ఆ పొద్దునే గూడూరులో వైండింగ్ చేయించి తెచ్చిన మోటారు బిగించి, పాకలోకి పోయి స్విచ్ వేశాడు. చక్రాలు గిర్రున తిరిగి, కుళ్ళు నీళ్ళనూ రొయ్యల తలలనూ ఎత్తి నా చొక్కా మీద కొట్టాయి. ఒకటి పెదవికి అంటుకుంది.

“పక్కకు రా బావా” అన్నాడు, స్విచ్ మీది చెయ్యి తీయకుండా.

నేను రాలేదు.